నూనెతో బరువు లేపు యంత్రములు – వాని పరీక్ష, పోషణ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో యంత్రముల నూనెను గూర్చి ప్రసంగమేమని కొందఱు వింతపడవచ్చును. కావ్యములకును పురాణములకును నెలవైన చోట జాకీలు, పంపులు, రబ్బరు గొట్టములు ప్రస్తావనకు వచ్చుట అనుచితమని తోచవచ్చును. కాని మల్కాజ్‌గిరియందు ఈ ప్రస్తావన ఎంతమాత్రము అనుచితము కాదు. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలుమార్గము వచ్చినది. 1893లో ప్రక్కనున్న లాలాగూడలో నిజాము రైల్వేవారి కర్మాగారము వెలసినది. 1932 జూన్ నెలలో ఆ రైల్వేయే 27 బస్సులతో రహదారి రవాణా శాఖను ప్రారంభించినది. నేటి ఆర్టీసీకి మూలము అదియే. తిరుమలగిరిలో సైన్యమువారి ఎలక్ట్రానిక్సు, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల కలదు. మౌలాలి, నాచారము, ఉప్పల్ పారిశ్రామిక వాడలు కూతవేటు దూరమున ఉన్నవి. కావున ఈ ప్రాంతమున పుట్టి పెరిగిన వానికి సుత్తి చప్పుడును, రైలు కూతయు జోలపాట వంటివి.

పూర్వము ఇల్లు కట్టదలచినవాడు పునాది త్రవ్వుటకు వడ్డెరలను పిలిచెడివాడు. నేడు జేసీబీని పిలుచుచున్నాడు. ఎరువు దిబ్బను బండికెత్తుటకు పూర్వము తట్టయు పారయు కావలసియుండెను. నేడు ట్రాక్టరు వెనుక ట్రాలీ తనంత తానే పైకి లేచి ఎరువును క్రుమ్మరించుచున్నది. పంక్చరైన చక్రము మార్చు కుఱ్ఱవాడు చిన్న జాకీతో పెద్ద లారీ ఇరుసును లేపుచున్నాడు. కారు నడుపువాడు పాదముతో మెల్లగా నొక్కగనే బ్రేకు పడుచున్నది. ఇవి వేరువేరు యంత్రములైనను వీనికన్నిటికి ప్రాణాధారము ఒక్కటియే. అది గొట్టములలో బంధింపబడిన ద్రవము. ఈ పద్ధతినే హైడ్రాలిక్ అని మెకానిక్కులు పిలిచెదరు. ద్రవపీడనమని పుస్తకములు చెప్పును.

ఈ యంత్రముల గురించి గట్టిగా గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. హైడ్రాలిక్ యంత్రము సాధారణముగా చెప్పక చెడదు. తడి రూపమున, చప్పుడు రూపమున, వేడి రూపమున, వాసన రూపమున తన జబ్బును ముందుగానే తెలుపును. ఆ మాట వినువాడు తన సొమ్మును కాపాడుకొనును. అంతకన్న ముఖ్యముగా, తన చేతిని, తన ప్రాణమును కాపాడుకొనును. విననివాడు రెంటిని పోగొట్టుకొను ప్రమాదము కలదు.

మొదట దీని సూత్రము తెలిసికొనవలెను. నీటితో నింపి మూతి బిగించిన తోలుతిత్తిని ఒకచోట నొక్కినచో అది అన్ని వైపులకు ఉబ్బును. బంధింపబడిన ద్రవముపై ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా ప్రాకునని ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ (1623–1662) నిరూపించెను. రెండు చదరపు సెంటీమీటర్ల చిన్న పిస్టనుపై 20 కిలోల బలముతో నొక్కినచో చదరపు సెంటీమీటరునకు 10 కిలోల పీడనము కలుగును. అదే పీడనము 100 చదరపు సెంటీమీటర్ల పెద్ద పిస్టను క్రిందికి చేరినచో అది వేయి కిలోలను, అనగా ఒక టన్నును లేపును. అయితే ప్రకృతి ఎవ్వరికిని ఊరక దానము చేయదు. పెద్ద పిస్టను ఒక సెంటీమీటరు లేచుటకు చిన్న పిస్టను 50 సెంటీమీటర్లు నడువవలెను. జాకీ పిడిని అన్ని సార్లు ఆడింపవలసి వచ్చుటకు కారణమిదియే.

సూత్రము పాతదైనను యంత్రమగుటకు నూఱేండ్లు దాటినది. 1795లో ఇంగ్లాండులో జోసెఫ్ బ్రామా అనునాతడు ద్రవపీడన ప్రెస్సునకు పేటెంటు పొందెను. కాని పిస్టను ప్రక్కనుండి నీరు కారిపోవుచుండుటచే యంత్రము తన శక్తిని నిలుపుకొనలేకపోయెను. బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దోనెవలె వంచిన తోలుపట్టీని పిస్టను చుట్టు అమర్చెను. లోపలి నీరు ఎంత గట్టిగా త్రోసిన, ఆ తోలు అంత గట్టిగా పిస్టనును పట్టుకొనును. దీనితో యంత్రము నిలిచినది. నేటి రబ్బరు సీళ్ళకు ఆ తోలుపట్టీయే పెద్దతాత. ఇందొక నీతి కలదు. ఇనుము ఎంత దృఢమైనదైనను, ద్రవపీడన యంత్రపు బలము తుదకు కొన్ని పైసల విలువ చేయు పట్టీపై ఆధారపడియుండును.

1906లో అమెరికా వారి వర్జీనియా అను యుద్ధనౌకపై ఫిరంగులను త్రిప్పుటకు నీటికి బదులు నూనెను వాడిరి. నూనె తుప్పు పట్టనీయదు, రాపిడిని తగ్గించును, చలికి గడ్డకట్టి గొట్టములను పగులగొట్టదు. నాటినుండి నూనెకే ప్రాధాన్యము కలిగినది. ఐర్లండు దేశీయుడు హారీ ఫెర్గుసన్ ట్రాక్టరునకు నాగలిని మూడు చోట్ల తగిలించి నూనె బలముతో ఎత్తుదించు పద్ధతిని కల్పించెను. ఇంగ్లాండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1945లో ఒక ట్రాలీని తయారుచేసి అమ్మి వ్యాపారము ప్రారంభించెను. 1948లో హైడ్రాలిక్ ట్రాలీని, 1953లో వెనుకవైపు త్రవ్వు చేయి గల యంత్రమును చేసెను. ఆతని పేరులోని పొడి అక్షరములే నేడు పల్లెపల్లెన వినబడు ‘జేసీబీ’. అట్లే ‘పొక్లెయిను’ అనునది ఫ్రాన్సు దేశపు ఒక సంస్థ పేరు. నీళ్ళకుండను బిందెయన్నట్లుగా జనులు ఆ పేర్లను యంత్రములకే పెట్టుకొనిరి.

తెలుగునాట ఈ మార్పు ఎంత పెద్దదో ఒక పోలికచే తెలియును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్టను కట్టినది ప్రధానముగా మానవుల భుజబలము. వేలకొలది కూలీలు సారువల మీదుగా రాళ్ళు మోసి ఆ మహానిర్మాణమును లేపిరి. నేడు పోలవరము స్పిల్‌వేపై 48 గేట్లను ఎత్తి దించునది నూనె నిండిన సిలిండర్లు. సింగరేణిలో 1975లో రామగుండము వద్ద ఉపరితల గనుల త్రవ్వకము ప్రారంభమైనది. అచ్చటి షవళ్ళు, డంపర్లు హైడ్రాలిక్ బలముపై ఆధారపడినవే. 1964లో స్థాపింపబడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థకు తెలుగువారు విరివిగా నివసించు కోలారు బంగారు గనుల పట్టణమున కర్మాగారము కలదు. మల్కాజ్‌గిరి మీదుగా పోవు రైలుపట్టాల క్రింది కంకరను దట్టించు యంత్రము సయితము ఇట్టిదే. దాని ఇనుపవ్రేళ్ళు సెకనుకు 35 మార్లు అదరుచు కంకరలోనికి దిగి స్లీపరు క్రింద గట్టిగా కూరును. ఇంత శక్తి చేతికి వచ్చినప్పుడు దానిని సాకు తెలివియు రావలెను గదా!

యంత్రమును సాకుటకు దాని అవయవములను ఎఱుగవలెను. నూనె నిలువయుండునది ట్యాంకు. ఆ నూనెను పీల్చి త్రోయునది పంపు. మలినమును పట్టునది ఫిల్టరు. లీవరు త్రిప్పగా నూనెను కావలసిన దారికి మళ్ళించునది కంట్రోలు వాల్వు. పీడనము మితిమీరినప్పుడు నూనెను తిరిగి ట్యాంకునకు వదలునది రిలీఫ్ వాల్వు. ఇంటిలోని ప్రెషర్ కుక్కరుపై గల బరువు చేయు పనియే ఇది చేయును. నూనె నడచునవి ఇనుప పైపులును, రబ్బరు హోసులును. తుదకు బరువును లేపునది సిలిండరు. దానినుండి బయటికి వచ్చు మెఱుగుగల కడ్డీ పిస్టను రాడ్డు. కారు చక్రములోని గాలి చదరపు సెంటీమీటరునకు సుమారు 2 కిలోల పీడనముతో ఉండును. పెద్ద పొక్లెయిను హోసులోని నూనె 300 కిలోలను దాటును. అనగా నూటయేబది రెట్లు. ఈ ఒక్క సంఖ్యను మనస్సున నిలుపుకొన్నవాడు హైడ్రాలిక్ గొట్టమును నీళ్ళగొట్టమువలె చులకనగా చూడడు.

ఇక దినదిన పరీక్ష. ఉదయము ఇంజను ప్రారంభింపక ముందే యంత్రము చుట్టు ఒకసారి నెమ్మదిగా తిరుగవలెను. ఆ ప్రదక్షిణమునకు పది నిమిషములు చాలును. మొదట నేలను చూడవలెను. రాత్రి నిలిపిన చోట నూనె మరక ఉన్నచో అది ఏ జాయింటునుండి జారినదో కనుగొనవలెను. తరువాత నూనె మట్టము. యంత్రము సమమైన నేలపై నుండవలెను; దాని బొచ్చెను తయారీదారులు చెప్పిన రీతిగా నేలకు దించియుంచవలెను. సిలిండర్లు చాచియున్నప్పుడు చూచినచో నూనె వానిలో ఉండుటచే ట్యాంకున తక్కువగా కనబడును. తక్కువయైనదని పైన పోసినచో, సిలిండర్లు ముడుచుకొన్నప్పుడు నూనె పొంగి బయట పడును.

మట్టముతోపాటు రంగును, వాసనను చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబాఱినచో నీరు కలిసినదని అర్థము. నురుగు కట్టినచో గాలి చొచ్చుచున్నది. నల్లబడి మాడు వాసన వచ్చినచో మితిమీరిన వేడికి నూనె కాలినది. నూనె వేడి 80 డిగ్రీలను దాటి చాలసేపు నిలిచినచో సీళ్ళు గట్టిపడి పగులును, నూనె పలుచబడి తన గుణమును కోల్పోవును. కూలింగు జల్లెడపై దుమ్ము, గడ్డి పేరుకొనుట ఈ వేడికి తఱచుగా కారణము. చేత చీపురు పట్టిన బాలుడు సయితము ఈ జబ్బును నివారింపగలడు.

అటు పిమ్మట హోసులు. పైపొర పగిలినదా, లోపలి తీగె బయటపడినదా, ఎక్కడనైన బుడగవలె ఉబ్బినదా, ఇనుపచట్రమునకు ఒరసికొనుచున్నదా, మెలి తిరిగినదా అని చూడవలెను. తీగె కనబడిన హోసు మార్చదగినదే గాని అతుకు వేయదగినది కాదు. టేపు చుట్టుట, సైకిలు ట్యూబు ముక్కను బిగించుట మున్నగు ఉపాయములు పొలమునకు నీరుపెట్టు పైపునకు చెల్లునుగాని ఇచ్చట చెల్లవు. క్రొత్త హోసు కొనునప్పుడు దానిపై ముద్రించిన పీడనపు అంకెయు, తయారైన తేదీయు చూడవలెను. లావు సరిపోయినంత మాత్రమున హోసు సరిపోయినట్లు కాదు.

పిస్టను రాడ్డుపై గీతలు, తుప్పు, రాతి దెబ్బలు ఉన్నవేమో చూడవలెను. రాడ్డుపై గరుకు గీత ఒక్కటి యున్నచో అది లోపలికి పోయిన ప్రతిసారి ఱంపమువలె సీలును కోయును. రాడ్డుపై సన్నని తేమ యుండుట సహజము. బొట్టుగా జారుట జబ్బు. పిన్నులు వదులైనవా, బోల్టులు కదలుచున్నవా యనుటయు ఈ ప్రదక్షిణములోనే తెలియవలెను.

ఇంజను ప్రారంభించిన పిమ్మట చెవి పని చేయవలెను. పంపునుండి గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు వచ్చినచో అది నూనె చాలక ఆకలిగొన్నది. మట్టము తగ్గుట, పీల్చు జల్లెడ మూసుకొనుట, నూనె మిక్కిలి చిక్కనగుట ఇందుకు కారణములు. చేయి కుదుపులతో లేచినచో నూనెలో గాలి యున్నది. బరువు మెల్లగా లేచినచో పంపు అరిగినదో, ఫిల్టరు మూసుకొన్నదో, రిలీఫ్ వాల్వు ముందే తెఱచుకొనుచున్నదో విచారింపవలెను. లేపిన ట్రాలీ లీవరును ముట్టకుండగనే క్రమక్రమముగా క్రిందికి జారుచున్నచో సిలిండరు లోపలి సీలుగాని, వాల్వుగాని దొంగతనముగా నూనెను విడుచుచున్నది. ఇది బయటికి ఒక్క బొట్టైనను కనబడని జబ్బు. అందుచే ఇది అన్నిటికంటె మోసకరమైనది.

బలము చాలలేదని రిలీఫ్ వాల్వు మరను బిగించు అలవాటు కొందఱికి కలదు. అది జ్వరము తగ్గలేదని జ్వరమానిని విఱుగగొట్టుట వంటిది. పీడనము పెరుగును, హోసు పగులును. గేజి తగిలించి పుస్తకమున చెప్పిన అంకెతో సరిచూడనిదే ఆ మరను ముట్టరాదు.

సభాసదులారా! ఈ యంత్రములకు పరమశత్రువు దుమ్ము. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. పంపులోను, వాల్వులోను కదలు భాగముల నడుమ సందు అంతకన్న అనేక రెట్లు సన్నము. కంటికి కనబడని ధూళియే ఆ సందులో దూరి సానరాయివలె ఇనుమును అరగదీయును. కనుక ట్యాంకు మూత తీయక ముందు దాని చుట్టు తుడువవలెను. నూనె పోయు గరాటు కడిగి ఆరబెట్టినదై యుండవలెను. పోగులు రాలు పాతగుడ్డతో లోపలి భాగములను తుడువరాదు. విప్పిన ప్రతి గొట్టపు నోటికి వెంటనే మూత బిగింపవలెను. క్రొత్త డబ్బాలోని నూనె తప్పక శుభ్రమైనదని నమ్మరాదు. ఫిల్టరు ద్వారానే పోయుట మేలు.

నూనె పీపాను నిలువ చేయుటయందును ఒక మెలకువ కలదు. పీపాను ఎండవానలలో నిలువుగా నిలిపినచో పై మూతపై వాననీరు నిలుచును. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవును. రాత్రి చల్లదనమునకు అది ముడుచుకొని మూతపై నీటిని మర చుట్టునుండి లోపలికి పీల్చును. కావున పీపాను పడుకొనబెట్టి, దాని రెండు మూతలు గడియారమున మూడు, తొమ్మిది అంకెలుండు చోటులకు వచ్చునట్లు ఉంచవలెను. అప్పుడు రెండు మూతలును లోపలి నూనెచే మూయబడి గాలిని, నీటిని రానీయవు. ఇట్టి చిన్న పనికి వెల లేదు. దాని ఫలము మాత్రము గొప్పది.

ఫిల్టరును గంటల లెక్క ననుసరించి మార్చవలెను. క్రొత్త యంత్రమునకు మొదటి మార్పు త్వరగా చేయవలెను. ఏలనన క్రొత్త భాగములు ఒకదానినొకటి సరిచేసికొనునప్పుడు సన్నని ఇనుపరజను ఎక్కువగా రాలును. తీసిన పాత ఫిల్టరును వెంటనే పాఱవేయక కోసి చూడవలెను. మెఱయు ఇనుపరజను పంపు అరుగుదలను, నల్లని రబ్బరు తునుకలు సీళ్ళ శిథిలతను తెలుపును. ఫిల్టరు వెల పంపు వెలలో అల్పభాగము. అప్పు చేసి ట్రాక్టరు కొన్న రైతునకు కోతకాలమున పంపు చెడినచో పోవునది దాని వెల మాత్రమే కాదు, పంట కూడ.

ఇప్పుడు సొమ్ముకన్న మిన్నయైన విషయము. రెండు ప్రమాదములను గూర్చి ప్రతి యింటను తెలియవలెను.

మొదటిది, సూదిబెజ్జము వంటి లీకు. హోసుపై కంటికి కనబడని చిల్లు నుండి నూనె సన్నని తుంపరగా వెలువడును. ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూడవలెనని మెకానిక్కు వట్టి చేతితో తడుమును. ఆ తుంపర సూదిమందువలె చర్మమును చీల్చి మాంసములోనికి పోవును. పైకి చీమకుట్టిన గుర్తు మాత్రమే కనబడును. మొదట నొప్పియు అంతగా ఉండకపోవచ్చును. అతడు చేయి తుడుచుకొని పనిలో పడును. కొన్ని గంటలలో చేయి వాచును, వ్రేళ్ళు మొద్దుబారును, లోపలి కండ చచ్చును. ఆలస్యమైనచో వ్రేలునో, చేతినో తీసివేయవలసి వచ్చును. కనుక లీకును చేతితో వెదుకరాదు. కంటికి అద్దములు ధరించి, అట్టముక్కను దూరముగా పట్టి చూడవలెను. తుంపర అట్టపై పడి చెప్పును. పొరపాటున చర్మములోనికి నూనె పోయినచో, పుండు ఎంత చిన్నదైనను, నొప్పి లేకున్నను, అదే గడియలో శస్త్రవైద్యము గల ఆసుపత్రికి పోవలెను. పీడనముతో నూనె లోనికి పోయినదని, ఎంతసేపైనదని, ఏ నూనెయని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. సూది గ్రుచ్చుకొన్నదని చెప్పినచో కట్టు కట్టి పంపివేయు ప్రమాదము కలదు.

రెండవది, లేపిన బరువు క్రిందికి దూఱుట. ట్రాలీ తొట్టిని లేపి, గ్రీజు పెట్టుటకో, హోసు చూచుటకో మనిషి దాని క్రింద తల దూర్చును. హోసు పగిలినను, సీలు తెగినను, ఎవరో తెలియక లీవరును తాకినను తొట్టి రెప్పపాటున క్రింద పడును. తప్పించుకొనుటకు కాలముండదు. నూనె బరువును లేపుటకే గాని, దాని క్రింద ప్రాణమును నిలుపుటకు కాదు. తొట్టి ఖాళీగా నుండవలెను. తొట్టికి అమర్చిన ఇనుప ఊతకఱ్ఱను నిలిపిన తరువాతనే క్రిందికి పోవలెను. ఊతకఱ్ఱ లేని ట్రాలీకి దానిని చేయించుట యజమాని ధర్మము. జాకీతో లేపిన బండి క్రింద ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీదనున్న చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టవలెను. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు ఊతములు కావు. అవి హఠాత్తుగా చిట్లును. తొట్టిని లేపుటకు ముందు తల పైకెత్తి కరెంటు తీగెలు చూచుటయు మఱువరాదు. తీగె తగిలిన తొట్టి నూనె జబ్బు లేకుండగనే ప్రాణము తీయును.

ఏ గొట్టమునైన విప్పుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. బొచ్చెను, నాగలిని, తొట్టిని నేలకు దింపవలెను. ఇంజను ఆర్పవలెను. పిమ్మట లీవర్లను ఇటునటు పలుమార్లు త్రిప్పి లోపల మిగిలిన పీడనమును విడువవలెను. ట్యాంకు మూతను మెల్లగా వదులు చేసి గాలిని పోనీయవలెను. కొన్ని యంత్రములందు పీడనమును దాచియుంచు అక్యుములేటరు అను సీసా వంటి భాగముండును. ఇంజను ఆగినను అది ఆగదు. పాముపుట్టవలె లోపల శక్తిని దాచుకొనును. దానిని శిక్షణ పొందినవాడే విడువవలెను. తాళపుచెవిని పనివాని జేబులో నుంచుట మంచి ఆచారము. అప్పుడు వేఱొకడు వచ్చి ఇంజను త్రిప్పడు.

బ్రేకులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పెద్ద బస్సులకు, లారీలకు గాలి బ్రేకులుండుట సాధారణము. కార్లకు, జీపులకు, చిన్న సరుకు బండ్లకు ద్రవపు బ్రేకులు. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకు ద్రవపు బ్రేకులతో వచ్చిన మొదటి కార్లలో నొకటి. ఈ బ్రేకు ద్రవము హైడ్రాలిక్ నూనె కాదు. ఒకదానికి బదులు మఱియొకటి పోసినచో రబ్బరు భాగములు ఉబ్బి బ్రేకు పట్టుట మానును. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చును. డాట్-3 అను రకము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల వఱకు మరగకుండ నిలువవలెనని నియమము; తేమ చేరిన పిమ్మట ఆ అంకె 140కి దిగును. శ్రీశైలము, తిరుమల వంటి కనుమదారులలో దిగునప్పుడు ఎడతెగక బ్రేకు నొక్కినచో చక్రములయొద్ద మిక్కిలి వేడి పుట్టును. తేమ చేరిన ద్రవము మరగి ఆవిరియగును. ఆవిరి దూదివలె అణగును. పెడలు నేలకు తగులును, బండి ఆగదు. కావున తయారీదారుల పుస్తకము ననుసరించి, సామాన్యముగా రెండేండ్లకొకసారి ఈ ద్రవమును మార్చవలెను. దిగుడులో చిన్న గేరున పోవలెను. పెడలు మెత్తగా దిగినచో గాలి యున్నది. నొక్కి పట్టగా మెల్లగా క్రుంగినచో మాస్టరు సిలిండరు లీకగుచున్నది. ఈ రెండు గుర్తులలో ఏది కనబడినను ఆ బండి వర్క్‌షాపునకు తప్ప వేఱెచ్చటికిని పోరాదు.

ఇక కడపటిది వ్రాత. రైలు కర్మాగారములలో చక్రమును ఇరుసుపైకి ఎక్కించునది హైడ్రాలిక్ ప్రెస్సే. చక్రము ఎక్కునంతసేపు పీడనము ఎట్లు పెరిగినదో గీతరూపమున నమోదగును. గీత సరియైన తీరున లేనిచో, చక్రము కంటికి ఎంత చక్కగా నున్నను దానిని అంగీకరింపరు. వేలాది ప్రయాణికుల ప్రాణములు ఆ గీతపై ఆధారపడియున్నవి. పెద్ద సంస్థలలో దినసరి, వారపు, మాసపు పరీక్షలకు వేఱువేఱు పట్టీలుండుటయు ఇందుకే. ఒక ట్రాక్టరు, ఒక ట్రాలీ గల రైతునకు అంత ఆడంబరము అక్కఱలేదు. ఒక చిన్న నోటుపుస్తకము చాలును. నూనె పోసిన తేది, పోసిన నూనె పేరు, నడచిన గంటలు, మార్చిన ఫిల్టరు, మార్చిన హోసు – ఈ అయిదింటిని వ్రాసికొన్నవానికి యంత్రము యొక్క జాతకము చేతిలో ఉన్నట్లే. పోయిన నెలలో ఒక లీటరు నూనె పట్టి, ఈ నెలలో మూడు లీటర్లు పట్టినచో, యంత్రము ఏదో చెప్పుచున్నదని ఆ పుస్తకమే హెచ్చరించును.

ఇచ్చటనే గ్రంథాలయము పాత్ర వచ్చును. యంత్రముతోపాటు వచ్చు పుస్తకము తఱచుగా ఆంగ్లములో ఉండును, అట్టపెట్టెతోపాటు అటకనెక్కును. యంత్రమును నడుపువాడు, బాగుచేయువాడు గురువు చేతిని చూచి పని నేర్చినవారు. వారి చేతియందు నేర్పు కలదు. కాని ఏ నూనె, ఎంత పీడనము, ఎన్ని గంటలకు అను అంకెలు చేతిచూపున రావు. అవి పుస్తకమునుండియే రావలెను. కావున గ్రంథాలయమున ఒక అలమారును యంత్రముల పుస్తకములకు కేటాయించుట, ఊరిలో వాడుకలోనున్న ట్రాక్టర్ల, జేసీబీల పుస్తకముల ప్రతులను సేకరించుట, వానిలో ముఖ్యమైన పట్టికలను తేటతెలుగున వ్రాసి గోడకు తగిలించుట చేయదగిన పనులు. రైల్వేలోను, ఆర్టీసీలోను, సైన్యములోను పనిచేసి విశ్రాంతి పొందిన మెకానిక్కులు ఈ ప్రాంతమున కొఱవడరు. వారు నెలకొక సాయంకాలము యువకులకు బోధించినచో, ముప్పదియేండ్ల అనుభవము వారితోనే అంతరింపక నిలుచును.

అక్షరము తెలిసినవాని చేతినుండి యంత్రము జాఱదు. యంత్రము తెలిసినవాని చేతిలో అక్షరము వృథాపోదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఎల్లరు ఎఱిగిన సామెతయే. కాలకముందే చేయవలసినది ఉదయము పది నిమిషముల ప్రదక్షిణము, ఒక అట్టముక్క, ఒక ఊతకఱ్ఱ, ఒక నోటుపుస్తకము. ఇవి ప్రతి ట్రాక్టరునొద్దను, ప్రతి షెడ్డునందును ఉండునట్లు చేయుటకు ఈ గ్రంథాలయము పూనుకొనుగాక! ఇచ్చట చదివిన యువకులు ఉదయము పనికి పోయిన రెండు చేతులతోనే సాయంకాలము ఇల్లు చేరుదురుగాక! రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ విద్యానిలయము స్వర్ణోత్సవ, వజ్రోత్సవములను సయితము కన్నులపండువుగా జరుపుకొనుగాక!